చెవికి పెట్టే సొమ్ము

మన నాగ్‌పాడా, కామాటిపురా గల్లీలలో కంప్యూటరు చేరిన ఇళ్లు ఈనాడు చాలా ఉన్నవి. చదువుకని కొన్నవారు కొందరు, ఆఫీసు పనికని కొన్నవారు కొందరు. ఏ పేరున ఇంట్లోకి వచ్చినా రాత్రి తొమ్మిది దాటేసరికి అది ఆట సామానుగా మారిపోతుంది. వాలొరంట్ అనీ, కౌంటర్ స్ట్రైక్ అనీ పిల్లలు పేర్లు చెబుతారు. ఎక్కడెక్కడి స్నేహితులతోనో జట్టుకట్టి మూడేసి నాలుగేసి గంటలు కదలకుండా ఆడుతారు. ఆడపిల్లలు గూడ ఇందులో వెనుకబడి లేరు. ఈ ఆటలో శత్రువు అడుగుల చప్పుడు ఎడమ ప్రక్కనుండి వచ్చినదా, వెనుకనుండి వచ్చినదా అన్నది తెలియకపోతే ఓడినట్లే. అందుచేత దీపావళి బోనసు చేతికి రాగానే “నాన్నా, మంచి హెడ్‌ఫోను కొనిపెట్టు” అన్న మాట వినవలసి వస్తున్నది. మంచిది అంటే వెయ్యి రూపాయలది కాదండోయ్! పదివేలు మొదలుకొని ముప్ఫయివేల దాకా పలికేది.

గుమాస్తా జీతం మీద బ్రతికే మనబోటివారికి అది చిన్న మొత్తం కాదు. అడిగిన ప్రతిదీ కొనివ్వలేము, వద్దని ఊరక కసరి పంపనూ లేము. నేను ఇంజనీరును కాను. అయినా మా ఇంట్లో గూడ ఇదే వినతి వచ్చినందువల్ల లామింగ్టన్ రోడ్డు అంగళ్లు తిరిగి, రకరకాలవి చెవికి పెట్టి చూచి, తెలిసినవారిని అడిగి తెలుసుకొన్న సంగతులు నలుగురికీ పనికివస్తవని ఇక్కడ వ్రాస్తున్నాను.

ఇది నిన్న మొన్న పుట్టిన వస్తువు కాదు. 1910 ప్రాంతాన అమెరికాలోని ఉటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటింట్లోనే వీటిని తయారుచేసి అమెరికా నౌకాదళానికి పంపినాడు. 1937లో జర్మనీలో బేయర్ కంపెనీవారు డి.టి. 48 అనేదానిని తెచ్చినారు. 1958లో జాన్ కాస్ అనే అమెరికా దేశస్థుడు సంగీతం వినడానికని స్టీరియో హెడ్‌ఫోను అమ్మకానికి పెట్టినాడు. 1968లో జర్మనీకే చెందిన జెన్‌హైజర్ కంపెనీవారు హెచ్.డి. 414 అనే పేరుతో వెనుక భాగం తెరచి ఉండే హెడ్‌ఫోనును విడుదల చేసినారు. అప్పటినుండి ఈ వస్తువు రెండు జాతులైనది. ఒకటి వెనుక మూసినది, రెండవది వెనుక తెరచినది. కొనేవారు ముందుగా తేల్చుకోవలసినది ఈ సంగతే.

తెరచినదానిలో గాలి ఆడుతుంది, చెవి ఉడకదు. ధ్వని విశాలంగా, ఎదుట మైదానం ఉన్నట్లు వినిపిస్తుంది. దూరాన నడిచే అడుగు ఎక్కడిదో పోల్చుకోవడం సులభం. అందువల్ల తెలిసినవారు చాలామంది దీనినే మెచ్చుకొంటారు. కాని అందులోని చప్పుడు బయటికి వస్తుంది, బయటి చప్పుడు లోపలికి పోతుంది. పదడుగులు, పన్నెండడుగుల ఖోలీలో క్రింద నానమ్మ, మాళా మీద చదువుకొనే చెల్లెలు, తెల్లవారి డ్యూటీకి పోవలసిన తండ్రి పడుకొని ఉండగా తుపాకుల మోత వారి చెవిన గూడ పడుతుంది. మరి మన వీధుల సంగతి చెప్పనే అక్కరలేదు. బెలాసిస్ రోడ్డు మీద బస్సులు, హారనులు రాత్రి పొద్దుపోయేదాకా ఆగవు. అందుచేత చాల్‌లో ఉండేవారికి మూసిన జాతిదే తగినది. కొత్త ముంబై వైపు ఫ్లాటుకు మారి, పిల్లవానికి వేరే గది ఇచ్చినవారు తెరచినది కొనవచ్చును.

చప్పుడును చప్పుడుతోనే అణచే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉన్నవి గూడ అంగట్లో చూపిస్తారు. అది ఫ్యాను రొద, బస్సు ఇంజను గుర్రుమనడం వంటి ఎడతెగని చప్పుడును బాగా తగ్గిస్తుంది. మనుష్యుల మాటలను, హారనులను అంతగా తగ్గించదు. గంటల తరబడి పెట్టుకొంటే చెవిలో ఏదో ఒత్తిడిగా ఉన్నదని కొందరంటారు. దానికై అదనంగా సొమ్ము పోయవలసిన అవసరం ఆటకు లేదు.

రెండవ సంగతి బరువు. అంగట్లో రెండు నిమిషాలు పెట్టుకొంటే ఏదైనా తేలికగానే ఉంటుంది. మూడవ గంటలో గదా అసలు సంగతి బయటపడేది! బేయర్‌డైనమిక్ వారి డి.టి. 770 ప్రో సుమారు 270 గ్రాములు, జెన్‌హైజర్ హెచ్.డి. 560 ఎస్ సుమారు 240 గ్రాములు. మొదటిది మూసినది, రెండవది తెరచినది. ఆడీజ్ కంపెనీవారి మాక్స్‌వెల్ అనేది ధ్వనిలో చాలా పేరు పొందినదే గాని 490 గ్రాములు తూగుతుంది. అరకిలో బియ్యం సంచి నెత్తిన పెట్టుకొని నాలుగు గంటలు కూర్చున్నట్లే. 300 గ్రాములకు లోబడినది చూచుకోవడం మెడకు మంచిది.

బరువుతో పాటు పట్టు గూడ చూడవలెను. పట్టు గట్టిదైతే కణతలు నొస్తవి, కళ్లద్దాలవారికి అద్దాల కాడలు చెవి వెనుక గుచ్చుకొంటవి. చెవి చుట్టూ ఆనే మెత్తలు తోలువంటి రెక్సినువైతే మన ముంబై ఉక్కకు చెమట పట్టి, కొన్నాళ్లకు పొట్టు పొట్టుగా రాలిపోతవి. మఖ్మల్ మెత్తలు చల్లగా ఉంటవి, కాని బయటి చప్పుడును కొంచెం ఎక్కువగా రానిస్తవి. ఏవైనా సరే, మెత్తలు విడిగా దొరుకునా, ఇంట్లోనే మార్చుకొనే వీలున్నదా అని ముందే అడగవలెను. మెత్త పాడైనదని ఇరవైవేల వస్తువును మూలన పడవేయడం ఎవరికి ఇష్టం?

మూడవది ఓముల లెక్క. ఓమ్ అంటే విద్యుత్తుకు కలిగే అడ్డుకు కొలత. ఒకే డి.టి. 770 ప్రో 32, 80, 250 ఓములని మూడు రకాలుగా వచ్చినది. ఓములు ఎక్కువైతే సరుకు మేలైనదనుకోవడం పొరపాటు. 250, 300 ఓముల హెడ్‌ఫోనును మామూలు కంప్యూటరుకు తగిలిస్తే ధ్వని పేలవంగా రావచ్చును. అప్పుడు వేరే ఆంప్లిఫయరు కొనవలసి వస్తుంది. తిన్నగా కంప్యూటరుకే తగిలించి వాడుకొనేవారికి 32 ఓములది చాలును.

నాలుగవది తీగ. తీగ లేనివాటిలో బ్లూటూత్ మీద నడిచేవి పాటలకు బాగుంటవి గాని ఆటకు పనికిరావు. చాలా వాటిలో ధ్వని సెకనులో పదవ వంతో, అయిదవ వంతో ఆలస్యంగా వస్తుంది. పైగా వాటి మైకులో మాట్లాడితే వినబడే ధ్వని నాణ్యం తగ్గిపోతుంది. కంప్యూటరుకు చిన్న బిళ్ల తగిలించి 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచేవి ఉన్నవి, వాటికి ఆ లోపం ఆటకు అడ్డువచ్చేటంత ఉండదు. కాని బ్యాటరీ కొన్నేళ్లకు నీరసిస్తుంది. తీగ ఉన్నదానికి ఆ దిగులు లేదు. తీగ ఊడదీసి మార్చుకొనే రకమైతే మరీ మంచిది.

అయిదవది పెట్టె మీది పెద్ద అక్షరాలు. “7.1 సరౌండ్” అని వ్రాసి వెల పెంచుతారు. లోపల చూస్తే చాలా వాటిలో చెవికొక్కటి చొప్పున రెండే స్పీకర్లు! మిగిలినదంతా సాఫ్ట్‌వేరు చేసే లెక్క. మనకు ఉన్నవి రెండు చెవులే. ఒక చెవికి ముందు, రెండవ చెవికి వెనుక చేరే ఆ లవలేశం కాలాన్ని బట్టి, హెచ్చుతగ్గులను బట్టి, చెవి దొప్ప మడతలను బట్టి మెదడు దిక్కును పోల్చుకొంటుంది. ఆ లెక్కను వాలొరంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ఆటలే లోపల చేసిపెడుతవి. విండోస్‌లో గూడ విండోస్ సోనిక్ అని ఉచితంగా ఉన్నది. రెండింటినీ ఒక్కసారి పెడితే ధ్వని కలగాపులగమవుతుంది. ఆ అక్షరాలకు డబ్బు ఇవ్వకండి.

ఆరవది మైకు. దీని సంగతి ఇంట్లోవారికే ఎక్కువ తెలుసు. చెవులు రెండూ మూసుకొన్నవానికి తన గొంతు తనకు వినబడదు గనుక అరుస్తాడు. రాత్రి పన్నెండింటికి “పీఛే హై, మార్, మార్!” అని కేక వేస్తే నానమ్మ ఉలిక్కిపడి లేచి “ఏం రా, ఎవల్ని కొడుతున్నవు? చెవులకు డబ్బాలు పెట్టుకొని కూసున్నవు, పిలిస్తె ఇనబడదా?” అనడం న్యాయమే గదా. దీనికి సైడ్‌టోన్ అనే ఏర్పాటు ఉన్నది. మైకులో పడిన తన గొంతు తన చెవికే కొంచెం వినబడుతుంది. అప్పుడు గొంతు తనంతట తానే తగ్గుతుంది. మూసిన హెడ్‌ఫోను కొనేవారు ఇది ఉన్నదా అని తప్పక అడగవలెను. హెడ్‌ఫోను మంచిది కొని, మైకు విడిగా చిన్నది తగిలించుకొనే పద్ధతి గూడ ఉన్నది. అప్పుడు కంప్యూటరులోనే ఆ ఏర్పాటు చేసుకోవచ్చును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి చెప్పవలసి ఉన్నది. తెలంగాణ జిల్లాలనుండి వచ్చిన మన పెద్దలు ఎందరో ఈ ఊరి బట్టల మిల్లులలో, సాంచెల ఖాతాలలో పనిచేసినారు. వందల సాంచెలు ఒక్కసారి కొట్టుకొనే చోట ఇరవై ముప్ఫయి ఏండ్లు నిలబడినవారికి ఏమైనదో మన ఇండ్లలో చూచినాము. ఆ తాతలతో మాట్లాడవలెనంటే దగ్గరకు పోయి గట్టిగా చెప్పవలసి వచ్చేది. చప్పుడువల్ల వచ్చే చెవుడును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం క్రింది వృత్తి రోగాల పట్టికలో చేర్చినారు. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటే మూతబడినవి. వారి చెవుడు మాత్రం వారితోనే ఇంటికి వచ్చినది. వారు పొట్టకూటికై ఆ మోత భరించినారు. మనము డబ్బిచ్చి అదే మోతను పిల్లల చెవులలోకి తేకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి చెప్పిన లెక్క ఇది. పెద్దవారికి వారానికి 40 గంటలు 80 డెసిబెల్లు, పిల్లలకు 75 డెసిబెల్లు. దానికి మించకూడదు. ప్రతి 3 డెసిబెల్లు పెరిగితే గంటలు సగమవుతవి. అంటే 83కు 20 గంటలు, 86కు 10 గంటలు, 89కి 5 గంటలే. రోజుకు నాలుగు గంటలాడేవాడు వారానికి 28 గంటలు ఆడుతాడు. 89 డెసిబెల్లు పెట్టుకొంటే ఆ వారం వాటా రెండు రోజులు గడవకముందే అయిపోతుంది. చెవి లోపలి సన్నని కణాలు ఒకసారి చస్తే మళ్లీ మొలవవు. వాటికి ఏ అంగడిలోనూ మెత్తలు దొరకవు.

ఈ ఆటలలో చిక్కేమిటంటే అడుగుల చప్పుడు సన్నగా, తుపాకి మోత పెద్దగా ఉంటుంది. అడుగులు వినబడవలెనని ధ్వని పెంచుతారు, తుపాకి పేలినప్పుడు చెవి అదురుతుంది. ఈ హెచ్చుతగ్గులను సమం చేసే ఏర్పాటు కొన్ని కంప్యూటర్లలో, కొన్ని ఆటలలో ఉంటుంది, అది పెట్టుకోవలెను. మూసిన హెడ్‌ఫోనుకు ఇక్కడ ఒక లాభమున్నది. బయటి రొద తగ్గుతుంది గనుక లోపలి ధ్వని తక్కువ పెట్టుకొన్నా చాలును. గంటకొకసారి పది నిమిషాలు తీసి ప్రక్కన పెట్టవలెను. ఆట ముగిసిన తరువాత చెవిలో గుయ్యిమని మోగితే ధ్వని ఎక్కువైనదని అర్థం. ఆ మోత మళ్లీ మళ్లీ వస్తే డాక్టరుకు చూపించవలెను.

కొనేచోటు మనకు దూరం కాదు. గ్రాంట్ రోడ్ స్టేషను దగ్గరి లామింగ్టన్ రోడ్డుకు మన గల్లీలనుండి నడిచి పోవచ్చును. కొనే పిల్లవానిని వెంట తీసుకొని పోవలెను, తల వానిది గదా! ఒప్పుకొనే అంగట్లో ఇరవై నిమిషాలు పెట్టుకొని కూర్చోబెట్టవలెను. కళ్లద్దాలుంటే వాటితోనే. ధ్వని పెట్టించి మీరు ఒక బారెడు దూరాన నిలబడి ఎంత బయటికి వస్తున్నదో వినండి. పేరున్న కంపెనీల నకిలీలు అచ్చం అలాగే ఉంటవి. జి.ఎస్.టి. బిల్లు తీసుకోవలెను, మన దేశంలో వారంటీ ఉన్నదా అని బిల్లు మీద వ్రాయించవలెను, పెట్టె మీది సీరియల్ నంబరు, వస్తువు మీది నంబరు ఒకటేనా అని చూడవలెను. చోర్ బజారులో చవకగా దొరికినా, ఒకరి చెవి చెమట పీల్చిన మెత్తలు మన బిడ్డ చెవికి పెట్టడం మంచిది కాదు.

ఇంతకూ ఖోలీలో ఉండేవారికి సరిపోయేది ఏమనగా: వెనుక మూసినది, 300 గ్రాములకు లోబడినది, 32 ఓములది, తీగ ఉన్నది, మెత్తలు మార్చుకొనేది, సైడ్‌టోన్ ఏర్పాటు కుదిరేది. ఇవన్నీ ఉన్నది ముప్ఫయివేలే పెట్టనక్కరలేకుండా, పది పదిహేనువేలలోనే వెదకవచ్చును. మిగిలిన సొమ్ముతో మంచి కుర్చీ కొంటే ఆడేటప్పుడే గాక చదివేటప్పుడు గూడ ఆ బిడ్డ నడుముకు సుఖం. కొనే రోజునే ధ్వని ఎంత పెట్టవలెనో, రాత్రి ఎన్ని గంటలకు తీసివేయవలెనో తండ్రీ బిడ్డలు కూర్చొని మాట అనుకొంటే, తరువాత ఇంట్లో కసురుకొనే పని తగ్గుతుంది.