పేరులేని పటములు

మన యిండ్లలో పెట్టె అడుగున, పట్టుచీరల మడతల మధ్య, ఒక అట్టకవరు ఉండును. అందులో పది పదునైదు ఛాయాచిత్రములుండును. కొన్ని గోధుమవన్నెకు తిరిగినవి, కొన్నిటి అంచులు పురుగు తిన్నవి. కుర్చీలో కూర్చున్న పెద్దాయన, ప్రక్కన నిలిచిన యిల్లాలు, వెనుక తెరమీద చిత్రించిన తోట, చిన్న బల్లమీద పూలకుండీ. ఆమె యెవరని అడిగినచో ఇంటిలో నలుగురు నాలుగు విధముల చెప్పుదురు. తాతగారి మేనత్త యని ఒకరు, కాదు ఆయన మొదటి భార్య యని మఱియొకరు. పెద్దాయన పేరు అందఱకును తెలియును. అది పొలము దస్తావేజులలో ఉన్నది. ఆమె పేరు మాత్రము ఎచ్చటను లేదు.

పూర్వము కృష్ణాజిల్లాలోనిదై 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన మైలవరములోను, చుట్టుపట్ల మామిడితోటల పల్లెలలోను మేము ఇట్టి కవరులు కొన్ని విప్పించి చూచితిమి. (నూజివీడు ఇప్పుడు ఏలూరు జిల్లాలోనికి పోయినది గాని, రసాలచెట్లు ఆ హద్దును ఎఱుగక కలిసియే కాయుచున్నవి.) పటము వెనుక పేరు వ్రాసినవి మిక్కిలి అరుదు. వ్రాసిన చోటను స్టూడియోవారి ముద్రయో, ఒక అంకెయో ఉండును. ప్రేమతో దాచినవారు ఇంతకుమించి ఏమియు చేయలేదు.

దీనికి నేరుగా ఎదురైన ఉదంతమొకటి హిందూమహాసముద్రములోని ఒక దీవిలో జరిగినది. అచ్చట ప్రేమ అనునది లేశమైనను లేనివారు పటములు తీయించిరి, పేర్లు వ్రాసిరి, భద్రపఱచిరి.

మారిషస్ మడగాస్కరునకు తూర్పున నున్న చిన్న దీవి. అచ్చట బానిసత్వము 1835లో రద్దగుటతో చెఱకుతోటల యజమానులకు పనివారు కావలసి వచ్చిరి. 1834 మొదలు ఇరువదవ శతాబ్ది ఆరంభము వఱకు మన దేశమునుండి నాలుగున్నర లక్షలకు పైగా జనులు ఒడంబడిక కూలీలుగా ఓడలెక్కి అచ్చటికి పోయిరి. కలకత్తా రేవున ఎక్కినవారే ఎక్కువయైనను, తెలుగు కోస్తా జిల్లాలవారును వేలకొలది పోయిరి. గోదావరి ముఖమున నున్న కోరంగి రేవు పేరుమీదుగా సముద్రము కావల తెలుగువారికి కోరంగీలను పేరు కూడ పడినది.

పోర్టు లూయీ రేవున దిగినవారిని డిపోలో నిలిపి చిట్టాలకెక్కించువారు. ప్రతివానికిని ఒక అంకె. దానిప్రక్క పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఎత్తు, ఒంటిమీది మచ్చ, వచ్చిన ఓడ, జిల్లా, గ్రామము. 1860 దశకమున దీనికి ఛాయాచిత్రము తోడైనది. 1867 నాటి చట్టముచే ఒడంబడిక తీరిన పాతకూలీ తన పటము అంటించిన టిక్కెట్టును ఎల్లవేళల వెంట నుంచుకొని తిరుగవలసి వచ్చెను. అది చేత లేనిచో దిమ్మరి యని పట్టుకొని శిక్షించువారు. ఈ పీడ భరింపలేక 1871లో 9,401 మంది పాతకూలీలు అర్జీ పెట్టుకొనిరి. తోటల వ్యవహారము తెలిసిన అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను దొర వారి పక్షమున నిలిచి దానిని నడపెను. మఱుసటి యేట విచారణకై రాజసంఘము నియమింపబడినది. ఛాయాచిత్రము ఆ దీవిలో మన కుటుంబములలోనికి ఈ విధముగ ప్రవేశించినది. పెండ్లి ముచ్చటకు గాదు, పట్టుకొనుటకు వీలుగా నుండుటకు. ఆ పటములలో స్త్రీలును ఉన్నారు. ఎవరి మొగమునను నవ్వు లేదు.

ఆ చిట్టాలు ఇప్పుడు మారిషస్‌లోని మోకా అను ఊర 1970లో స్థాపింపబడిన మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. కూలీలు దిగిన రేవుకట్టను ఆప్రవాసీ ఘాట్ అను పేరుతో 2006లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలముగా ఎంచిరి. 2015లో ఆ దస్తరములకును అట్టి గౌరవమే లభించినది. నాటి కూలీల మునిమనుమలు, వారి బిడ్డలు మోకాకు పోయి తమ పూర్వుల అంకె వెదకించుకొందురు. అదృష్టముండినచో పుట తిరిగినప్పుడు ఒక మొగము కనబడును, దాని ప్రక్కనే ఊరిపేరు కనబడును. ముత్తవ్వను ఆ విధముగ మొదటిసారి చూచుట ఎట్లుండునో సోదరీమణులు ఊహించుకొనవచ్చును. తెలుగు పేర్లు దొరల గుమాస్తాల చేత వంకరలు తిరిగిన మాట నిజము. తాతగారి పేరే యింటిపేరై నిలిచిన కుటుంబములు ఆ దీవిలో పెక్కు. అయినను ఆ వంకరపేరే వారికి దారి చూపుచున్నది. ఉగాది నేటికిని ఆ దేశమున ప్రభుత్వపు సెలవుదినము. సింహాద్రి అప్పన్న పూజయు, అమ్మోరు పండుగయు, రామభజనములును అచ్చటి తెలుగు ఇండ్లలో సాగుచున్నవి. నేడు ఆ పండుగల పటములను వారు ఆనందముగా తీసికొని, దేశదేశములనున్న తమవారికి పంపుకొనుచున్నారు. మొదటి పుట మాత్రము ఆ చిట్టాలోనే యున్నది.

నిఘాకై వ్రాసిన గుమాస్తా చేసిన పనిని, కన్నబిడ్డలమైన మనమెందులకు చేయలేదు? కారణము సోమరితనము కాదని మా నమ్మకము. మన యిండ్లలో స్త్రీ పేరు నోట పలుకునదే గాదు. భర్త భార్యను పేరుపెట్టి పిలువడు. భార్య భర్త పేరు చచ్చినను చెప్పదు. పెద్దకోడలు, అవనిగడ్డ పిన్ని, కామయ్యగారి తల్లి. పిలుపులే గాని పేర్లు లేవు. పలుకని పేరును వ్రాయుట ఎవరికి తోచును? దీనికి తోడు పటము తీయించుకొన్నచో ఆయువు క్షీణించునను భయము, పరపురుషుని యెదుట నిలువరాదను కట్టడియు నుండెను. ఆ కట్టడి నెఱిగియే రాజా దీనదయాళ్ హైదరాబాదులో 1892లో ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా జనానా స్టూడియో తెఱచిరి. అచ్చట కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనితయే పటములు తీయునది. నిజాము రాజధానిలో కలవారికి జరిగిన ఆ సదుపాయము మన పల్లెలకు రాలేదు. మనకు వచ్చినది సంతలోనో తిరునాళ్ళలోనో గుడారము వేసిన ఫొటోగ్రాఫరు.

ఇక దాపుననే యున్న దీవి సంగతి. కృష్ణానది పులిగడ్డ చెంత రెండుగా చీలి సముద్రమును చేరులోపల నడుమ చిక్కిన భూమియే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అందులోనివి. మెట్టనుండి అచ్చటికి ఇచ్చిన ఆడపడుచులు, అచ్చటినుండి తెచ్చుకొన్న కోడండ్రు ఈ ప్రాంతమున ఉన్నారు. మామిడికాయల గంప ఇటునుండి పోవును, ఎండుచేపలో బియ్యమో అటునుండి వచ్చును. వానితోపాటు ఉత్తరములో మడిచిన పటములును వచ్చెడివి: బిడ్డ బారసాల, ఏటిగట్టున పడవ, క్రొత్తగా వేసిన పెంకుటిల్లు.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమపై పడినప్పుడు వేలకొలది ప్రాణములు పోయినవి. ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకొనిపోయినవి. ఆ యిండ్లలోని పెట్టెలేమైనవో వేఱుగా చెప్పనక్కఱ లేదు. పోయినవారి మొగములు ఎచ్చటనైన మిగిలెనన్న, అవి అంతకుముందు పైయూళ్ళ చుట్టాలకు పంపిన ప్రతులలోనే మిగిలినవి. పటమును పంచుకొనుట వేడుక యని మనమనుకొందుము. దీవిలోనివారికి అది వేడుక గాదు.

జపాను దేశమును ఒక దీవుల మాలయే. 2011 మార్చి 11న అచ్చట వచ్చిన సముద్రపు పొంగు తరువాత, బురదలో దొరికిన కుటుంబ పటములను స్వచ్ఛందముగా వచ్చినవారు లక్షలకొలది ఏరి, కడిగి, ఆరవేసి, ఇండ్లవారు వచ్చి గుర్తించునట్లు వరుసగా పఱచిరి. ఇల్లు పోయినవారు తిండి, బట్ట దొరకిన పిదప వెదకుకొన్న వస్తువులలో పటము ముందుండెను. వారు చేసిన పద్ధతి మనకును పనికివచ్చునది గనుక చెప్పుచున్నాము. తడిసిన పటములను ఎండ వేయరాదు. ఒకదాని కొకటి అంటుకొన్నచో పీకరాదు. శుభ్రమైన చల్లని నీట నానవేసి, వానియంతట అవి విడువవలెను. బొమ్మపైని వ్రేలు పెట్టరాదు. పిదప మొగము పైకుండునట్లు నీడలో గుడ్డమీద ఆరవేయవలెను. రెండు దినములు మించి తడి నిలిచినచో బూజు పట్టును. అద్దమునకు అంటుకొన్న పటమును ఊడదీయ ప్రయత్నింపక, అద్దముతోనే మఱియొక పటము తీయించుట మేలు.

పటములతోపాటు ఉత్తరములు, శుభలేఖలు, టిక్కెట్లు మొదలగునవి అంటించి, ప్రక్కన వివరము వ్రాయు పుస్తకమును ఆంగ్లేయులు స్క్రాపుబుక్కు అందురు. హాస్యకథల మార్కు ట్వేను ముందుగనే జిగురు పూసిన పుటలుగల అట్టి పుస్తకమొకటి కనిపెట్టి 1873లో హక్కుపత్రము పొందెను. ఆయన 1896లో మారిషస్‌కు కూడ పోయెను గాని, అచ్చటి చిట్టాల సంగతి మన కథలోనిది, ఆయన కథలోనిది గాదు. మనకు అంత హంగు వలదు. గట్టి కాగితపు పుస్తకము, మెత్తని పెన్సిలు, పటము మూలలను పట్టి యుంచు చిన్న కాగితపు మడతలు చాలును. పటము వీపునకు జిగురు పూయరాదు. మైదాజిగురు పురుగులకు విందు. ప్లాస్టిక్కు పొర క్రింద జిగురుగీతలుండు ఆల్బములు ఒకప్పుడు పెండ్లికానుకలుగా తెగ వచ్చినవి. అవి పటములను పసుపుపచ్చ చేసి, ఊడిరాకుండ పట్టుకొనును. అట్టివానినుండి వీలైనంత త్వరగా విడిపింపవలెను. వెనుక వ్రాయునప్పుడు బాల్‌పెన్ను వలదు. దాని ఒత్తిడి ముందువైపునకు తేలును. వార్తాపత్రిక ముక్కను పటము ప్రక్కన ఉంచినచో దాని పులుపు పటమునకెక్కును; దానికి నకలు తీయించి నకలునే అంటింపవలెను. అటకమీదను, రేకుల కప్పు క్రిందను పెట్టె పెట్టరాదు. మా ప్రాంతపు వేసవికి అది పొయ్యితో సమానము.

ఏమేమి చేర్పవలెనని అడిగినచో, అమ్మ చేతివ్రాతతోనున్న ఆవకాయ కొలతల చీటీని మేము అన్నిటికంటె ముందు చేర్పుదుము. తోటను గుత్తకిచ్చిన సంవత్సరపు లెక్కకాగితము, దివికి పోయిన అక్క వ్రాసిన కార్డు, ఆమె ఏఱు దాటిన పంటు చీటీ, అన్నియు పనికివచ్చునవే. పటము మొగము చూపును. ఆ చీటీ ఆ మొగము ఏమి చేసెనో చూపును.

పేర్లు అడుగుటకు మంచి కాలము వేసవి. ఆవకాయకు కాయలు కోయించు దినములలో ఆడపడుచులందఱు పుట్టింట నుందురు. పెద్దవారు నీడపట్టున ముక్కలు తుడుచుచు కూర్చుందురు. అప్పుడు కవరు తెఱువవలెను. అయితే ఈమె యెవరని సూటిగా అడిగిన లాభము లేదు, తెలియదే అందురు. ఈ కంటె యెవరిది, ఈ చీర ఎచ్చటిది, ఈ అరుగు ఎవరి యింటిదని అడుగవలెను. నగ గుర్తువచ్చిన వెనుక మనిషి గుర్తురాక మానదు. ఆ కంటె తాకట్టు పెట్టిన సంవత్సరము, విడిపించినవారు, అది ఎవరి బిడ్డకు పోయినది, అన్నియు కదలివచ్చును. భర్త పేరు చెప్పలేని అవ్వ యెదుట పిల్లలు ఒక్కొక్క పేరే చదువుచుండవలెను. తగిన పేరు వచ్చినప్పుడు ఆమె తల యూపును.

చేతి ఫోనులోనే వేల పటములున్నవి గదా, ఇవన్నియు నేల యని పిల్లలందురు. ఫోనులోని పటములకును పేర్లు లేవు. ఫోను పగిలిన దినమున ఆ వేలును ఒక్కసారిగ పోవును. ఏటికి పండ్రెండు పటములు ఏఱి అచ్చు వేయించినచో ఖర్చు గంపెడు రసాల వెలకు మించదు. ఆ పండ్రెండును మూడేసి ప్రతులుగ తీయించి, ఒకటి ఇంట, ఒకటి వేఱొక ఊరనున్న ఆడబిడ్డ యింట, ఒకటి దూరదేశముననున్నవారికి పంపవలెను. వాట్సాపులో పంపినను తప్పు లేదు. క్రింద పేర్లు మాత్రము వ్రాసి పంపవలెను. ఎదిగిన పిల్లల పటములు లోకమంతయు చూచుచోట పెట్టుటకు వారిని అడుగుట మంచిది.

పేరు వ్రాయునప్పుడు స్త్రీకి రెండు ఇంటిపేర్లును వ్రాయవలెను, పుట్టినదియు మెట్టినదియు. పుట్టిన ఊరును వ్రాయవలెను. పెండ్లినాడు పేరు మార్చిన యిండ్లు కలవు గనుక, తల్లి పిలిచిన పేరు ఏదో అడిగి, దానిని ముందు వ్రాసి, మార్చిన పేరును దాని క్రింద వ్రాయవలెను.