సాగిన చర్మమా? పెరిగిన చర్మమా?

నిండు చూలాలి ఉదరమును కప్పియున్న చర్మము ఎచటినుండి వచ్చినది? కొన్ని మాసముల క్రిందట అంత చర్మము అచట లేదు. రబ్బరువలె సాగినదని చెప్పుట సులభము. కాని సాగుటకొక హద్దు కలదు. ఆ చర్మము సాగుటయే గాక పెరిగినది కూడ.

కన్నుల యెదుట నిత్యము జరుగు ఈ వింతను శస్త్రవైద్యులు చాల ఆలస్యముగా వినియోగించుకొనిరి. 1957లో అమెరికా వైద్యుడు చార్లెస్ న్యూమన్, చెవిలో చాల భాగము కోల్పోయిన రోగికి చర్మము క్రింద రబ్బరు బుడగ నుంచి, మెల్లమెల్లగా ఉబ్బించి, క్రొత్త చెవికి వలసిన చర్మమును సంపాదించెను. అయినను ఇరువది యేండ్లదాక ఆ మార్గమును పట్టించుకొన్నవారు అరుదు. 1976లో చెడోమిర్ రాదోవన్ సిలికోను సంచితో దానిని మరల వెలుగులోనికి తెచ్చెను.

నిప్పు కాలి తలపై కొంతమేర జుట్టు మొలవని బాలుని తలచుకొనుడు. తొడ చర్మము తెచ్చి అతికినచో అది తలకట్టునకు కలియదు. అందుచే మచ్చ ప్రక్కనున్న మంచి చర్మము క్రింద ఖాళీ సంచి నుంతురు. కోత మానిన పిదప వారమున కొకమారు సూదితో ఉప్పునీరు ఎక్కింతురు. చర్మము తెల్లబడినను, బాలుడు నొప్పియన్నను ఆనాటికి ఆపుదురు. ఇట్లు రెండు మూడు మాసములు గడచును. తలపై బుడిపెతో బడికి పోవు పిల్లవానికి సూదిపోటుకంటె తోటివారి నవ్వులే బాధాకరములు. ఉపాధ్యాయులు ముందుగా నొకమాట చెప్పియుంచుట మేలు.

ఈలోపల చర్మములో నేమి జరుగును? మొదట అంతశ్చర్మములోని మెలికలు తిరిగిన కొల్లాజెన్ పోగులు తిన్నబడును. అది కేవలము సాగుట. ఆపైన లాగబడిన కణములు ఆ ఒత్తిడిని గ్రహించి విభజన చెందజొచ్చును, ఇది పెరుగుట. బాహ్యచర్మము దళసరియగును. అంతశ్చర్మము పలుచబడి, కాలక్రమమున చాలవరకు కోలుకొనును. ఎక్కువగా నష్టపోవునది క్రొవ్వుపొర. అది మరల పూర్తిగా రాకపోవచ్చును. సంచిచుట్టు శరీరము నారపొర నొకదానిని అల్లుకొనును. పరాయి వస్తువును వేరుచేయుటకై అల్లిన ఆ పొరలోనే రక్తనాళములు దట్టముగా పుట్టుకొనివచ్చును. కావున ఇట్లు పెంచిన చర్మమును జరిపి కుట్టినపుడు, మామూలు చర్మముకంటె చక్కగా బ్రతుకును.

వెండ్రుకల కుదుళ్ళు మాత్రము పెరుగవు. ఉన్నవే ఎడమెడముగా జరుగును. తలచర్మము రెండింతలగువరకు ఆ పలుచదనము అంతగా కంటి కానదు.

కాళ్ళ దిగువభాగమున ఈ పద్ధతి అంత నమ్మదగినది కాదు. చీము పట్టుట, చర్మము చిట్లి సంచి బయటపడుట అచట హెచ్చు. తలవద్దనైనను తొందర పనికిరాదు. సంచి తీయగానే చర్మము కొంత వెనుకకు ముడుచుకొనును గనుక, మచ్చ వెడల్పును మించి పెరిగినదని కొలిచి చూచుకొన్న తరువాతనే వైద్యుడు కత్తి పట్టును.