ఆకలే కొలత

కేలరీల లెక్క కుదరలేదని ఆకలి లేకున్నా తినడం, లెక్క దాటిందని ఆకలితో లేవడం రెండూ తగవు. ఆహార పరిమాణం అందరికీ ఒకటి కాదనీ, జఠరాగ్ని బలాన్ని బట్టి మారుతుందనీ చరకసంహిత చెబుతున్నది. ఆకలిదప్పులు తీరి, పొట్ట బరువెక్కక, నడవడం, ఊపిరి తీయడం, నవ్వడం సుఖంగా ఉంటే అదే తగిన మోతాదు. కడుపులో నాలుగవ భాగాన్ని వాయువుకు విడిచిపెట్టమన్నాడు వాగ్భటుడు.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలవారు ఉదయం త్రాగే చోడి అంబలితోనే ఈ సాధన ప్రారంభించవచ్చు. ఒక గ్లాసు నెమ్మదిగా త్రాగి ఆగండి. కడుపు నిండిన సంగతి మనకు తెలియడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. అప్పటికీ ఆకలి ఉంటేనే మళ్ళీ పోసుకోండి. పొలం పనివారికి రెండవ గ్లాసు కావలసిరావచ్చు. కూర్చొని పనిచేసేవారికి అక్కరలేకపోవచ్చు.

మధుమేహానికి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు మాత్రం వైద్యుని సలహా లేకుండా భోజన వేళలను, పరిమాణాన్ని మార్చరాదు.