చెరువు మట్టిలో క్రోమియం – పశువుల ఎరువు చేసే మేలు, చేయలేని పని



వేసవిలో చెరువు ఎండగానే పూడిక మట్టిని మల్బరీ తోటకు తోలుకోవడం మన పెద్దల నాటి అలవాటు. మంచి అలవాటే. అయితే వేలూరు, గుడియాత్తం ప్రాంతాల్లో తోళ్ల పరిశ్రమల మురుగు పారిన కాలువల కింద ఉన్న చెరువుల మట్టిని పరీక్ష చేయించకుండా తోలుకోరాదు.

కారణమేమి?

తోళ్లను పదును చేయడానికి క్రోమియం లవణాలు వాడతారు. వాణియంబాడి, ఆంబూరు, పేర్నంబట్టు, రాణిపేటల మురుగు ఏళ్ల తరబడి పాలారులో కలిసింది. సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో, కొంతమేరకో సాగుకు పనికిరాకుండా పోయిందన్న సర్వే వివరాన్ని 1996 ఆగస్టు 28 నాటి తీర్పులో సుప్రీంకోర్టు పేర్కొన్నది. 2025 జనవరి 30న అదే కోర్టు పాలారు కాలుష్యంపై మళ్లీ తీర్పు చెప్పవలసి వచ్చింది. పైన పారే నీరు మారినా, అడుగున చేరిన లోహం అంత త్వరగా పోదు.

పశువుల ఎరువు ఏమి చేస్తుంది?

మట్టిలో క్రోమియం రెండు రూపాల్లో ఉంటుంది. క్రోమియం-6 నీటిలో సులభంగా కరిగి వేళ్లకూ, బావులకూ చేరుతుంది. ఇది చాలా విషపూరితం. క్రోమియం-3 అంతగా కరగదు, మట్టిని అంటిపెట్టుకొని ఉంటుంది. బాగా చివికిన పశువుల ఎరువు, కంపోస్టు, పచ్చిరొట్ట వంటి సేంద్రియ పదార్థం క్రోమియం-6ను క్రోమియం-3గా మార్చి పట్టి ఉంచుతుంది. కనుక పైరుకు అందే విషం తగ్గుతుంది.

ఏమి చేయలేదు?

లోహం పోదు, మట్టిలోనే ఉంటుంది. నేలలో మాంగనీసు ఆక్సైడ్లు ఉంటే, గాలి తగిలినప్పుడు కొంత క్రోమియం-3 తిరిగి క్రోమియం-6 కావచ్చు. చివకని ఎరువు నుండి ఊరే రసం కొన్ని లోహాలను కరిగించి కిందికి తీసుకుపోవచ్చు కూడా. సేంద్రియ పదార్థం గట్టిగా పట్టిన లోహాన్ని మందులతో కడిగి తీయడమూ కష్టమే. మురుగుతో వచ్చిన ఉప్పును ఎరువు తొలగించదు. మల్బరీ తోట ఒకసారి నాటితే పదిహేనేళ్ల వరకు నిలుస్తుంది. అందులో చెడ్డ మట్టి పరిస్తే తిరిగి ఎత్తడం సాధ్యం కాదు.

పాటించవలసినవి

1. పూడిక తోలే ముందు చెరువులో 8-10 చోట్ల మట్టి తీసి, బాగా కలిపి, అర కిలో పరీక్షకు పంపండి. మామూలు భూసార పరీక్షలో క్రోమియం తెలియదు. దానిని ప్రత్యేకంగా అడిగి చేయించాలి.

2. ఎరువని ఉచితంగా ఇచ్చినా టానరీ బురదను తోటకు వేయరాదు.

3. ఆ బురదనూ, తోలు ముక్కలనూ కాల్చరాదు. వేడికి క్రోమియం-6 పుట్టవచ్చు.

4. ఇప్పటికే అనుమానమున్న తోటకు నీటివసతి ఉంటే, ఏడాదికి ఎకరాకు 8 టన్నుల చివికిన ఎరువును రెండు దఫాలుగా వేయండి. సాళ్ల మధ్య జనుము లేక జీలుగ చల్లి, పూతకు ముందే కలియదున్నండి.

5. బావి నీటిని కూడా పరీక్ష చేయించండి. అనుమానమున్న తోట ఆకును చాకీ పురుగులకు వేయకండి.

పరీక్ష ఎక్కడ చేయించాలో మీకు దగ్గరలోని పట్టు పరిశ్రమ శాఖ కార్యాలయంలో గాని, విరింజిపురం కృషి విజ్ఞాన కేంద్రంలో గాని విచారించండి. ఫలితం వచ్చేదాకా బండి కట్టవద్దు.