రక్తంలో తిరిగే మచ్చ కణాలు

ఫిజీ నుండి వచ్చి న్యూజిలాండులో స్థిరపడిన మన పెద్దలను అడిగితే, చర్మపు కాన్సర్ తెల్లవారి జబ్బు అంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మపు కాన్సర్ ప్రపంచంలోకెల్లా అధికంగా ఉన్నది ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశాలలోనే. ఇక్కడ ఏటా సుమారు 300 మంది దానివల్ల మరణిస్తున్నారు; వారిలో అత్యధికులు ఐరోపా సంతతివారు. 1903 నుండి మద్రాసు రేవులో ఓడలెక్కి వెళ్ళి, చెరకు తోటల్లో ఎండకు మాడిన మన తాత ముత్తాతలను చాలావరకు కాపాడింది చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం. చాలావరకే సుమా!

మెలనోమా పుట్టేది ఆ రంగును తయారుచేసే కణాలలోనే. మచ్చ పలుచగా ఉండగా కోసి తీసివేస్తే సాధారణంగా నయమవుతుంది. లోతుకు దిగితే దాని కణాలు రక్తంలో పడి ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు చేరవచ్చు. ఆ ప్రయాణంలోనే వాటిని పట్టుకోలేమా అన్నది శాస్త్రజ్ఞుల ప్రశ్న. ఇది పాత ప్రశ్నే. కాన్సర్‌తో మరణించిన ఒక రోగి రక్తంలో, అతని కణితుల్లోని కణాలవంటివే ఉన్నాయని 1869లోనే ఆస్ట్రేలియా వైద్యుడు థామస్ ఆష్‌వర్త్ ప్రకటించాడు.

చిక్కంతా లెక్కలో ఉంది. ఒక మిల్లీలీటరు రక్తంలో ఎర్రకణాలే సుమారు 500 కోట్లు. కాన్సర్ కణం ఒకటుంటే ఉండవచ్చు, లేకపోనూ వచ్చు. గిడ్డంగినిండా ఉన్న బియ్యంలో ఒక్క రాయిని ఏరినట్లే! 2004లో అమెరికాలో అనుమతి పొందిన సెల్‌సెర్చ్ అనే పరీక్ష, కణం పైనున్న ఒక ప్రోటీనును పట్టుకొని అయస్కాంతంతో కణాన్ని లాగుతుంది. రొమ్ము కాన్సర్‌కు అది పనికివచ్చింది. మెలనోమా కణాలపై సాధారణంగా ఆ ప్రోటీను ఉండదు, కనుక వాటికి వేరే ఉపాయాలు వెతకవలసి వచ్చింది.

అన్నిటిలోకి విచిత్రమైనది 2019లో అమెరికాలోని ఆర్కాన్సా శాస్త్రజ్ఞులు ప్రకటించిన పద్ధతి. సూది గుచ్చరు. చర్మం మీదుగా రక్తనాళంపై లేసర్ కాంతి వేస్తారు. మెలనిన్ ఉన్న కణం ఆ కాంతికి వేడెక్కి, వ్యాకోచించి, సన్నని ధ్వని చేస్తుంది. యంత్రం ఆ ధ్వనిని వింటుంది. 28 మంది రోగులలో 27 మందికి కణాలు దొరికాయి. అయితే వారందరూ మెలనోమా ఉన్నట్లు ముందే తేలినవారు. పైగా మనబోటివారి చర్మంలోనే మెలనిన్ ఎక్కువ. అదీ కాంతిని పీల్చుకుంటుంది. కాబట్టి మనవంటి చర్మంపై విడిగా పరీక్షించనిదే ఈ యంత్రం మనకు పనికివస్తుందని నమ్మరాదని నా అభిప్రాయం.

రక్త పరీక్ష వల్ల ముందుగా మేలు పొందగలవారు, జబ్బు బయటపడి చికిత్సలో ఉన్నవారు. ముదిరిన మెలనోమాకు నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ మందుల ఖర్చును 2016 నుండి ఫార్మాక్ భరిస్తున్నది. మందు పనిచేస్తున్నదా, జబ్బు తిరగబెడుతున్నదా అన్నది రక్తంలోని కణాలను బట్టి, కణితి వదిలిన జన్యు పదార్థపు తునకలను బట్టి ముందే తెలుసుకోవాలని ప్రయత్నం. జబ్బును నిర్ధారించేది మాత్రం నేటికీ మచ్చను కోసి సూక్ష్మదర్శినిలో చూసే పరీక్షే.

నల్లని చర్మం గలవారికి మెలనోమా వచ్చినప్పుడు తరచు అరికాలిలో, అరచేతిలో, గోరు కింద వస్తుంది. ఎండతో దానికి అంతగా సంబంధం లేదు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి గోరు కింద బయటపడింది. 1981లో 36 ఏళ్ళకే ఆయన మరణించాడు. మనవాళ్ళు గోరు నల్లబడితే దెబ్బ తగిలిందనుకుని, అరికాలి పుండుకు పసుపు రాసి నెలలు గడుపుతారు. గోరులో కొత్తగా నల్లని చార వెడల్పవుతున్నా, అరికాలి మచ్చ పెరుగుతున్నా, పుండు మానకున్నా డాక్టరుకు చూపించండి. గోళ్ళ రంగు ఉంటే తుడిచి వెళ్ళండి. గోరింటాకు పెట్టుకుని ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి.