బంతిపువ్వు... కంటి మందు!

గుమ్మానికి తోరణం, బతుకమ్మలో పసుపు వరస, సంక్రాంతికి గొబ్బెమ్మ మీద అలంకారం... బంతిపువ్వుకు మనం ఇచ్చిన పనులివే. ఇప్పుడది కంటి మాత్రల్లోకీ చేరింది. ఆ మాత్రల్లో ఉండే లూటిన్‌ను ఎక్కువగా తీసేది బంతిరేకల నుంచే మరి.

కంటికీ లూటిన్‌కీ ఏమిటి సంబంధం? రెటీనా మధ్యలో మాక్యులా అనే చిన్న భాగం ఉంటుంది. పేపరు చదవాలన్నా, ఎదుటివాళ్ల ముఖం గుర్తుపట్టాలన్నా అదే ఆధారం. దానికా పసుపు రంగు లూటిన్, జియాజాంతిన్‌ల వల్లే వచ్చింది. నీలికాంతిని వడగట్టే ఈ రెండింటినీ శరీరం తయారుచేసుకోలేదు, తిండి నుంచే అందాలి.

యాభై దాటాక కొందరిలో రెటీనా అడుగున డ్రూసెన్ అనే వ్యర్థం పేరుకుని మాక్యులా దెబ్బతింటుంది. రోగనిరోధక వ్యవస్థను అదుపులో ఉంచే ఓ జన్యువులోని తేడాకీ ఈ జబ్బుకీ లంకె ఉందని 2005లో తేలింది. దాంతో ఇన్‌ఫ్లమేషన్ మీద అందరి దృష్టీ పడింది. పసుపులోని కర్‌క్యుమిన్ లాంటివి ప్రయోగశాలలో దాన్ని తగ్గిస్తున్నాయి కూడా. అయితే గాజుపాత్రలో కణాలు వేరు, తాతయ్య కన్ను వేరు!

మనుషుల మీద పెద్దఎత్తున పరీక్షించింది అమెరికాలోని నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్. విటమిన్ సి, ఇ, జింక్, బీటాకెరోటిన్ కలిపి ఇస్తే, జబ్బు మధ్యదశలో ఉన్నవారికి అది ముదిరే ముప్పు సుమారు 25 శాతం తగ్గిందని 2001లో ప్రకటించింది. కానీ ఓ చిక్కు. క్యారెట్‌లో ఉండే ఆ బీటాకెరోటిన్నే మాత్రలుగా ఎక్కువ మోతాదులో వాడితే పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగింది. మొక్కల్లో ఉండేదేగా, ఏం చేస్తుందిలే అనుకోవడానికి లేదన్నమాట. 2013లో వెలువడిన రెండో అధ్యయనం దాని స్థానంలో 10 మిల్లీగ్రాముల లూటిన్, 2 మిల్లీగ్రాముల జియాజాంతిన్ మేలని తేల్చింది.

ఈ మాత్రలు జబ్బును రాకుండా ఆపలేవు, పోయిన చూపును తేలేవు. ఏ దశలో ఉందో డాక్టరు చూసి చెప్పాకే వాడాలి. తోటకూర, పాలకూరకు మాత్రం చీటీ అక్కర్లేదు. లూటిన్ కొవ్వులో కరుగుతుంది కాబట్టి ఆకుకూర పప్పుకు నూనె తాలింపు పెట్టడమే మంచిది.

ఒక కన్ను మూసి, రెండోదానితో కిటికీ ఊచల్ని చూడండి. తర్వాత కన్ను మార్చండి. ఊచలు వంకరగా కనిపించినా, మధ్యలో మసక మచ్చ ఉన్నా మాత్రల కోసం మందులషాపుకి కాదు, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రెటీనా కింద రక్తనాళాలు కారుతుంటే కంట్లోకి ఇంజెక్షన్లు ఇవ్వాల్సి ఉంటుంది. అందులో ఆలస్యమైన ప్రతి వారమూ చూపుకి నష్టమే.