ఇంజిన్‌తో పాటు హెడ్‌సెట్‌లో కూత ఎందుకు?

ఇంటి దగ్గర కట్టుకున్న అల్యూమినియం విమానంలో ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ హెడ్‌సెట్‌లో సన్నని కూత కూడా పెరిగితే, రేడియోను తిట్టకండి. ముందు అనుమానించాల్సింది ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ను, దాని రొద లోపలికి దూరే గ్రౌండ్ దారిని. విమానం ఒళ్లంతా లోహమే కదా, హెడ్‌సెట్ జాక్‌ను దానికే బిగించి గ్రౌండ్‌గా వాడుకుంటే ఒక తీగ మిగలదా? మిగులుతుంది. చిక్కల్లా ఆల్టర్నేటర్ రొద కలిసిన లైట్లు, పంపుల కరెంటు కూడా ఆ లోహం గుండానే తిరిగి వెళ్లడం. దారిలో నిరోధం 0.005 ఓమ్‌లే ఉన్నా, 20 ఆంపియర్లు పారితే 0.1 వోల్టు తేడా వస్తుంది. బల్బుకు అదొక లెక్క కాదు, మైకు సంకేతానికి మాత్రం గట్టి పోటీ.

అందుకే జాక్‌కూ లోహానికీ మధ్య ప్లాస్టిక్ వాషర్లు వేసి, గ్రౌండ్ తీగను విడిగా ఆడియో ప్యానెల్ దాకా లాగుతారు. ఆడియో తీగల మీది లోహపు అల్లిక తొడుగును ఒక్క చివరే గ్రౌండ్‌కు కలుపుతారు. రెండు వైపులా కలిపితే ఇంకా మంచిది కాదా? కాదు, ఆ తొడుగే కరెంటుకు ఇంకో దారి అయిపోతుంది. ఫిల్టరు పెడితే చాలదా అంటారేమో. అది సరఫరా తీగలో వచ్చే రొదను తగ్గిస్తుంది గానీ, గ్రౌండ్ దారిన దూరినదాన్ని ఆపలేదు.